టీవీలో ఎన్నిసార్లొచ్చినా మళ్ళీ కూర్చుని చూసే సినిమా మీకేది? బోర్డర్ తెలుగోళ్ళూ కాస్త చెప్పండి

రాయగడ_కోడలు

నమస్తే అండి అందరికీ. మాది రాయగడ, పుట్టిల్లు పార్వతీపురం. ఇక్కడ మా వీధిలో సగంమంది తెలుగే మాట్లాడతారు, మిగతా సగంమందికి అర్థమవుతుంది, అంచేత టీవీ సౌండు ఎంత పెట్టినా ఎవరూ ఏమీ అనరు.

విషయం ఏంటంటే మావారు కేబుల్ తీయించేద్దాం అంటున్నారు. ఫోన్లో అన్నీ ఉన్నాయి, వైఫై ఉంది, టీవీకి స్టిక్కు కూడా పెట్టాం, ఇంకా నెల నెలా తెలుగు ప్యాక్‌కి వేరేగా డబ్బులు ఎందుకు అని. లెక్క ప్రకారం ఆయన అన్నదే కరెక్టు. కానీ ఇదే మనిషి మొన్న ఆదివారం నువ్వు నాకు నచ్చావ్ సగంలో వస్తుంటే, డైనింగ్ టేబుల్ దగ్గర ప్రార్థన సీను అప్పుడే మొదలైంది, బజారుకి వెళ్ళేవారు సంచి చేతిలో పట్టుకునే అలా నిలబడిపోయి, తర్వాత కూర్చుని, యాడ్స్ తో సహా చివరిదాకా చూశారు. ఆ సినిమా స్టిక్కులో వెతికితే ఎప్పుడైనా వస్తుంది కదా, యాడ్స్ లేకుండా. అలా మాత్రం ఒక్కసారి కూడా పెట్టుకోలేదు.

అందుకే అడుగుతున్నాను. ఎక్కడినుంచి వచ్చినా సరే రిమోట్ పక్కన పెట్టేసే సినిమా మీ ఇంట్లో ఏది? చేతిలో ఉన్నప్పుడు చూడని సినిమాని టీవీలో వస్తే ఎందుకు చూస్తాం? టైంపాస్ జవాబులైనా పర్లేదు. అలాగే కేబుల్ ఉంచాలా తీసేయాలా కూడా చెప్పండి, ఇంట్లో ఇదే పంచాయితీ నడుస్తోంది.

పర్లాకిమిడి_గుంటడు

అక్కా ఇందులో అడగడానికేటుంది, అతడు. మా నానమ్మకి స్టార్ మా అన్న పేరు నోరు తిరగదు, "అతడు వచ్చే చానెల్ పెట్టరా" అంటాది, మాకు అర్థమైపోతాది.

2005లో సినిమా వచ్చినప్పుడు నేను చిన్నగుంటడ్ని. థియేటర్లో చూసినోళ్ళు మా బాబాయిలు, పాతపట్నం ఎల్లి చూసొచ్చారు. మాకు తెలుగు సినిమా అంటే పాతపట్నమే కదా, ఊరు దాటితే ఆంధ్రా, మధ్యానం ఆట చూసి టీ టైముకి ఇంటికాడ ఉండొచ్చు. నేను మాత్రం మొత్తం టీవీలోనే చూసాను, అదీ ముక్కలు ముక్కలుగా. మొదట్లో ఆ రాజకీయ నాయకుడ్ని కాల్చే సీను ఉంటాది కదా, అది నేను చాలా ఏళ్ళకి గాని చూడలేదు, అప్పటిదాకా నాకు సినిమా అంటే బాసర్లపూడి ఇంట్లోంచే మొదలు. అయినా ఏమీ మిస్సయినట్టు అనిపించలేదు, అదే దాని గొప్పతనం అనుకుంటాను. ఎక్కడ పెట్టినా అక్కడొక చిన్న కథ మొదలవుతాది, పది నిమిషాల్లో అయిపోతాది, తరవాత ఇంకోటి. బ్రహ్మానందం వచ్చీ సీన్లు విడిగా ఒక సినిమా. తనికెళ్ళ భరణి పొలం గొడవ విడిగా ఒక సినిమా. ప్రకాష్ రాజ్ ఎంక్వయిరీ ఇంకోటి.

ఇంకో పాయింటు ఉంది. ఆ ఇంట్లో అందరూ మహేష్ బాబుని తమ మనవడు పార్ధు అనుకుంటన్నారు, కాదని మనకి తెలుసు. మొదటిసారి చూసీటప్పుడు దొరికిపోతాడేమో అని భయం మీదే ఉంటాం. రెండోసారి నించి ఆ భయం పోద్ది కాబట్టి నాజర్ మొహం చూడ్డానికి తీరిక దొరుకుద్ది, మనవడొచ్చాడని ఎంత మురిసిపోతాడో. తెలిసిన కథ అయితేనే బాగుండీ సినిమాలు కొన్నుంటాయి, ఇది అలాంటిది. 2025 ఆగస్టులో మహేష్ బాబు పుట్టినరోజుకి మళ్ళీ థియేటర్లో ఏస్తే కూడా జనం ఎల్లారంటే మరేటనుకోవాలి, వచ్చే వారం టీవీలో వస్తాదని అందరికీ తెలుసు కదా.

కేబుల్ తియ్యొద్దక్కా.

బల్లార్షా_బొగ్గుబాయి

అతడు మంచిదే గని తమ్మీ, మా దిక్కు ముచ్చట వేరే ఉంటది. మాది బల్లార్షా, చంద్రపూర్ జిల్లా. బాపు బొగ్గుబాయిల నౌకరి జేసిండు. కాలనీల మనోళ్ళు, మరాఠోళ్ళు, బీహారోళ్ళు అందరు ఒక్కకాడనే. తెలుగు చానెళ్ళు కొందరే ఏపిచ్చుకుంటరు, మిగిలినోళ్ళ ఇండ్లల్ల హిందీయే నడుస్తది. గట్లని వాళ్ళు తెలుగు సినిమా సూడరనుకునేరు, మనకన్న ఎక్కువ సూస్తరు, హిందీ డబ్బింగుల. నాగార్జున మాస్ సినిమా ఉన్నది గదా 2004ది, గది వాళ్ళకు మేరీ జంగ్. జులాయి అంటె డేంజరస్ ఖిలాడీ, రేసుగుర్రం అంటె లక్కీ ది రేసర్. నా మరాఠీ దోస్తు ఒకడు ఎప్పుడు గలిసినా మేరీ జంగ్ డైలాగులు ఒప్పజెప్తడు, నేను అసలు తెలుగుల ఏమున్నదో జెప్తె "అది బాలేదు, మాదే బాగుంది" అంటడు. ఏమనాలె వాన్ని.

నా జవాబు మాత్రం సూర్యవంశం. నవ్వకుండ్రి. సెట్ మ్యాక్స్ చానెల్ సురువయింది 1999ల, హిందీ సూర్యవంశం రిలీజయింది గదే ఏడు, అప్పటికెల్లి ఇప్పటిదాక ఆ సినిమా ఇడిసిపెట్టలే వాళ్ళు. దేశమంత దానిమీద జోకులేస్తది గని మనోళ్ళకు చానామందికి తెల్వని సంగతేందంటె, అండ్ల హీరోయిను మన సౌందర్య, డైరెక్టరు మన ఈవీవీ సత్యనారాయణ. మొదలు తమిళంల 1997ల శరత్‌కుమార్‌తోని తీసిండ్రు, 98ల తెలుగుల వెంకటేష్ మీనా, 99ల హిందీల అమితాబ్. మూడిట్ల తండ్రీ కొడుకూ ఇద్దరు ఒక్కడే.

గిదే మా ఇంట్ల లొల్లి. అమ్మకు వెంకటేష్‌ది గావాలె, బాపుకు అమితాబ్‌ది గావాలె. బాపు ఏమంటడంటె, ఏమీ లేనికాడ నుంచి బస్సుల మాలీకు దాక పోయే మనిషికి గా ఎత్తు, గా గొంతు ఉండాలె అంటడు. అమ్మ అంటది, సదువురాని కొడుకంటె వెంకటేషే నమ్మబుద్ధయితడు, అమితాబ్ మొకం జూస్తె నాలుగు డిగ్రీలు సదివినట్టుంటది అని. నేను అమ్మ దిక్కు. గని పాయసంల విషం కలిపిన సీను రాంగనె ఇద్దరు సప్పుడు జెయ్యకుంట కూసుంటరు, గది హిందీలయినా సరే.

అక్కా మీ ప్రశ్నకు నాకు తెల్సిన జవాబు, ఫోన్ల పెట్టుకుంటె నేనొక్కన్నే సూసుడయితది. సూర్యవంశం ఒక్కన్నే కూసోని ఎవడన్న సూస్తడా.

జైపూర్_నైట్‌షిఫ్ట్

సారీ, అందరూ తిట్టుకోండి కానీ నాకు ఈ పిచ్చి అర్థం కాదు. రెండున్నర గంటల సినిమా నాలుగు గంటలు సాగదీస్తారు, పాటలు కోసేస్తారు, మంచి సీను దగ్గర ఆపి సబ్బు యాడ్ వేస్తారు, మళ్ళీ వెనక్కెళ్ళి అదే సీను ఇంకోసారి చూపిస్తారు. పైన చెప్పిన సీన్లన్నీ యూట్యూబ్‌లో ముక్కలుగా దొరుకుతాయి, నేను అన్నం తింటూ రెండు సీన్లు చూసి పడుకుంటా. చానెలోడు ఏది వేస్తే అది చూడటం, దానికి మళ్ళీ డబ్బు కట్టడం, ఈ రోజుల్లో? సీరియస్‌గా అడుగుతున్నా, ఒకే సినిమాని అన్నిసార్లు ఎందుకు వేస్తారు అసలు? వాళ్ళ దగ్గర వేరే సినిమాలు లేవా?

గుణుపురం_కేబుల్

బాబూ జైపూర్, దీనికి నేను చెప్తాను. గుణుపురంలో కేబుల్ నడిపినోడ్ని, ఇప్పుడు మానీసాను, మా తమ్ముడు చూసుకుంటన్నాడు.

చానెలోడు సినిమా కొన్నాడంటే ఇన్నేళ్ళు వేసుకోవచ్చని హక్కు కొన్నట్టు. ఒకసారి డబ్బు కట్టీసాక ఎన్నిసార్లు ఏస్తే అంత లాభం, పైగా ఆ హక్కు ఇంకోడికి పోకుండా ఉంటాది. కొత్త సినిమా మీద పెద్ద డబ్బు పోస్తారు, దాన్ని పండక్కో ఆదివారం సాయంత్రమో ఏసి హడావుడి చేస్తారు. మరి మిగతా వారమంతా? సినిమా చానెలంటే పొద్దున్న లేచింది మొదలు అర్ధరాత్రి దాకా ఒకదాని ఎనకాల ఒకటి సినిమాలు పడాలి, అన్ని కొత్తవి ఎక్కడ్నించి తెస్తారు. ఎప్పుడు ఏసినా కొంతమంది కచ్చితంగా ఆగి చూసీవి ఏవో వాళ్ళకి రేటింగుల్లో తెలిసిపోద్ది. అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. నువ్వు చూస్తన్నావు కాబట్టి ఏస్తన్నాడు, వాడు ఏస్తన్నాడు కాబట్టి నువ్వు చూస్తన్నావు, ఏది ముందో తేలదు. యాడ్స్ సంగతంటావా, గంటకి 12 నిమిషాలు దాటకూడదని రూలే ఉంది, మనకెందుకో గంటంతా యాడ్లే ఉన్నట్టుంటాది.

ఇందులో మనకో తమాషా ఉంది. ఆ రేటింగులు ఆంధ్రా తెలంగాణ కలిపి ఒక మార్కెట్టు, ఒడిశా వేరే మార్కెట్టు కింద లెక్కేస్తారు. మన రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో మనం తెలుగు సినిమా ఎన్నిసార్లు చూసినా ఆ తెలుగు లెక్కలోకి మనం రాం. ఎవడో శ్రీకాకుళంలోనో కరీంనగర్లోనో చూసినదే మనకి వడ్డిస్తారు. అదృష్టం ఏటంటే మన రుచీ వాళ్ళ రుచీ ఒకటే.

కానీ అంతకుముందు మన ఊళ్ళకి రేటింగు నేనే. అబద్ధం కాదు. సెట్‌టాప్ బాక్సులు రాకముందు ప్రతి కేబులోడికీ సొంత చానెల్ ఒకటుండేది, రాత్రి భోజనాలయ్యాక సీడీ పెట్టి సినిమా ఏసీవోళ్ళం. సీడీలు పర్లాకిమిడి నుంచీ నౌపడా నుంచీ వచ్చేవి, అప్పటికింకా చిన్న రైలే, తడవాలన్నా ఎండాలన్నా రైలు దిగీదాకా ఆ సంచి ఒళ్ళోనే. సాయంత్రం నుంచి ఫోన్లు. ల్యాండ్‌లైనుకి ఫోన్ చేసి "మావయ్యా ఈ రోజు జగదేకవీరుడు ఎయ్యవా" అని పిల్లలు. ఇంకొక ఇంటాయన ఉండీవాడు, పేరెందుకులే, ఆయనకి అహ నా పెళ్ళంట తప్ప వేరే సినిమా ఉందని తెలీదు. కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి కింద ఉత్తన్నం తింటాడు కదా, ఆ సీను దగ్గర ఆయన నవ్వు పక్క వీధికి వినపడేది. అందరు చూసీసిన సినిమాయే, అయినా ఒక్కరూ "ఇదెందుకేసావు" అని ఫోన్ చేసినోళ్ళు లేరు. కొత్త సినిమా ఏసిన రోజు మాత్రం సగంమంది పడుకునీవోళ్ళు.

సినిమాకి రెండు సీడీలు. మొదటిది అయిపోయీసరికి నాకు నిద్ర పట్టీసేది. ఊరంతా టీవీల్లో నీలం తెర. ఎవరో ఒకరు వచ్చి తలుపు కొట్టి లేపీవోళ్ళు, ఊళ్ళో ఇంకెవరికైనా ఇంటర్వెల్ అంటే అదే.

సంత రోజు కొండల మీంచి సవరలు దిగేవారు. మా ఆఫీసు ముందు టీవీ ఒకటి పెట్టి ఉంచీవాడ్ని, అక్కడ నిలబడి చూసీవోళ్ళు. జగదేకవీరుడు అతిలోకసుందరి 1990ది, నేను ఎన్నిసార్లేసినా గుంపు కట్టీసీవారు. తెలుగు వాళ్ళలో కొందరికి వచ్చు కొందరికి రాదు. ఆకాశంలోంచి దిగినావిడ ఉంగరం పోగొట్టుకుంది, ఉంగరం దొరకందే తిరిగి ఎళ్ళలేదు, ఇది అర్థం కావడానికి ఏ భాషైతే ఏటి. శ్రీదేవి తెర మీదకొస్తే బేరాలు ఆగిపోయీవి.

తరవాత 2017కల్లా మా వైపు కూడా బాక్సులు తప్పనిసరి చేసీసారు, సొంత చానెల్ కథ దాంతో అయిపోయినట్టే. 2019 ఫిబ్రవరి నుంచి ఏ చానెల్ కావాలో మనమే ఎంచుకోవాలన్న పద్ధతొచ్చింది. అప్పట్లో 130 రూపాయలూ పైన జీఎస్టీ ముందు కట్టి, ఆపైన ఏ చానెల్ ధర ఆ చానెల్‌దే. మన దగ్గర మామూలుగా ఇచ్చేది ఒడియా ప్యాకు, తెలుగు కావాలంటే అదనం. అప్పుడు చూసాను నేను, ముసలోళ్ళు చీటీ మీద రాయించుకుని వచ్చీవోళ్ళు. వార్తలు తీసీమన్నారు, పాటల చానెల్ తీసీమన్నారు, సీరియళ్ళకోసం కోడళ్ళు కొట్లాడారు, సినిమా చానెల్ తీసీమని మాత్రం ఒక్కరూ అనలేదు.

బరంపురం_పిన్ని

గుణుపురం తమ్ముడూ, నీలం తెర చదివి నవ్వాగలేదు. బరంపురంలో మా కేబులతను కూడా అంతే.

నాది మాయాబజార్. ఇదేదో పెద్దవాళ్ళు చెప్పే జవాబులా ఉంటుందని తెలుసు, కానీ మా ఇంట్లో అది చూసేది మనవలు. 1957 సినిమా, కేవీ రెడ్డి తీసింది, 2010లో రంగులు వేసి మళ్ళీ వదిలారు. నాకు మాత్రం నలుపు తెలుపే ఇష్టం. రంగుల్లో ఆ చంద్రుడు, ఆ పడవ నాకు ఎందుకో ఆనలేదు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులో వెన్నెల కురిపించేశాడు, దాని మీద మళ్ళీ ఏం వేస్తారు. మనవలకి అలాంటివేం పట్టవు, లడ్డూలు వాటంతటవే లేచి రంగారావు నోట్లోకి వెళ్ళాలి, అంతే.

మా పక్కింటి మావుసి ఒడియా ఆవిడ, నాకంటే పెద్దది, తెలుగు అరకొరగా వచ్చు. ఆవిడొకసారి పక్కన కూర్చుని చూస్తూ అడిగింది, ఇది భారతం కథ కదా, పాండవులేరీ అని. నేను అన్నేళ్ళుగా చూస్తూ ఎప్పుడూ ఆలోచించలేదు. నిజమే, సినిమా మొత్తం మీద పాండవులు ఒక్కసారి కూడా కనపడరు! కృష్ణుడున్నాడు, బలరాముడున్నాడు, దుర్యోధనుడు, శకుని, అభిమన్యుడు, ఘటోత్కచుడు అందరూ ఉన్నారు, ఐదుగురు అన్నదమ్ములు లేరు. లేరని తెలియకుండా నడిపించేశారంటే ఎంత పనితనమో చూడండి. అప్పట్నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా ఈ ప్రశ్న వేస్తాను, ఇంతవరకూ ఎవరూ వెంటనే చెప్పలేదు.

ఆ మావుసికి ఇష్టమైనది వేరే, అమ్మోరు. 1995ది, కోడి రామకృష్ణ. మా ఊళ్ళో ఠాకురాణి యాత్ర అంటే తెలుసు కదా, రెండేళ్ళకోసారి ఊరంతా అమ్మవారి ఘటాలతో, వేషాలతో నెల రోజులు నిద్రపోదు. ఆవిడకి అమ్మోరు సినిమా దానికి కొనసాగింపు. చిన్నపిల్లలా వచ్చి ఆ ఇంట్లో ఉంటుంది కదా అమ్మవారు, తర్వాత రమ్యకృష్ణగా అసలు రూపం చూపించేటప్పుడు మావుసి టీవీకి దణ్ణం పెడుతుంది. చేతిలో ముఢీ, అంటే మరమరాల గిన్నె ఉంటే కింద పెట్టి మరీ. రామిరెడ్డి కనపడితే మాత్రం ఒడియాలో తిట్లు, అవి ఇక్కడ రాయలేను.

2013లో ఫైలిన్ తుపాను వచ్చి మాకు కరెంటు పోయింది, చాలా రోజులు చీకట్లోనే. కరెంటు వచ్చిన సాయంత్రం అందరం వార్తలు పెడతాం అనుకుంటారు కదా. ఎవరిల్లు ఎంత పోయిందో కళ్ళారా చూస్తున్నదే, టీవీలో మళ్ళీ ఎందుకు. సినిమా పెట్టుకున్నాం. ఏదో వస్తుంటే, అదేంటో గుర్తులేదు కూడా, అందరం అలా కూర్చున్నాం.

జైపూర్ బాబూ, యూట్యూబ్ ముక్కలు చూసి పడుకోవడం తప్పేం కాదు, నైట్ షిఫ్టు వాళ్ళకి అదే గతి. కానీ ఆదిత్య 369 మాత్రం మొత్తంగా చూడు నాన్నా. 1526కి వెళ్ళి, 2504కి వెళ్ళి, ముక్కలుగా చూస్తే ఏ కాలంలో ఉన్నావో నీకే తెలీదు.

సిరొంచ_అవతలిగట్టు

బొగ్గుబాయి తమ్మీ, మీకు సెట్ మ్యాక్సన్న ఉండె. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ప్రాణహిత దాటితె తెలంగాణ, గోదారి దాటితె కాళేశ్వరం, ఇప్పుడంటె బ్రిడ్జి అయింది గని అప్పుడు పడవే. యాంటెన్నా గాలం దిప్పితె దూరదర్శనే అచ్చేది, అండ్ల హిందీ, లేకపోతె మరాఠీ. ఆదివారం పగటిపూట అవార్డులచ్చిన సినిమాలు ఏసేటోళ్ళు, ఒక్కో వారం ఒక్కో భాష. బెంగాలీది, మలయాళందీ అన్ని సూసినం, ఏమర్థమయితది, కింద ఇంగ్లీషు అక్షరాలు. మన తెలుగు వంతు ఎప్పుడస్తదో ఎవలకు ఎరుక. అచ్చిన్నాడు వాడ మొత్తం ఒక్కటే ఇంట్ల. నాయన శంకరాభరణం గట్లనే సూసిండు, ఇప్పటికి టీవీల అది కనవడితె గుడిల కూసున్నట్టు కూసుంటడు, మధ్యల మాట్లాడనియ్యడు.

గందుకే మాకు "ఇది మల్ల అచ్చిందా" అని ఇసుగు రాదు. అచ్చుడే ఎక్కువ.

పర్లాకిమిడి_గుంటడు

పిన్నీ పాండవులు లేరన్నది చదివి మా నాన్నని అడిగాను, చాలాసేపు ఆలోచించి "భీముడు గద పట్టుకుని..." అని మొదలెట్టి ఆగిపోయాడు. మంచి ప్రశ్న దొరికింది, వాడేస్తాను.

ఇంకోటి చెప్పాలి, ఖలేజా. 2010లో థియేటర్లో ఆడలేదు, మా బాబాయిలైతే తిట్టుకుంటూ వచ్చారు. అదే సినిమాని టీవీలో చూసి చూసి ఇప్పుడు మొత్తం డైలాగులు చెప్తారు, మళ్ళీ తిట్టినట్టే గుర్తులేదు వాళ్ళకి. 2025 మే నెలలో మళ్ళీ రిలీజ్ చేస్తే ఎగబడ్డారు జనం. అంటే నా లెక్కలో అది టీవీలో హిట్టయిన సినిమా. థియేటర్లో జనం ఏదో ఒక మూడ్‌తో వస్తారు, ఇంత ఫైటుండాలి, ఇంత కథుండాలి అని. టీవీ ముందు అలాంటి పట్టింపులుండవు, మధ్యలో వస్తాం, నవ్వొచ్చిందా లేదా, అంతే. టాక్సీ డ్రైవర్ ఊరికి దేవుడెలా అయ్యాడు అన్నది ఒక్కసారిగా మింగుడు పడకపోవచ్చు, నాలుగుసార్లు చూస్తే అదే బాగుంటాది.

జైపూర్_నైట్‌షిఫ్ట్

ఖలేజా ఒప్పుకుంటా. ఖలేజా వస్తే నేను కూడా ఆగుతా. కానీ దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోకండి 😅

పిన్నిగారూ, ఆదిత్య 369 ఈ సెలవురోజు చూస్తాను. ఫోన్లోనే, మన్నించండి.

బల్లార్షా_బొగ్గుబాయి

లెక్కల వడ్డది తమ్మీ. ఇగ నువ్వు గూడ మా జమాతే.

రాయగడ_కోడలు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదండి, అన్నీ మావారికి చదివి వినిపించాను. ఆయన నవ్వి, సరే కానీ డబ్బుల సంగతి తేల్చు అన్నారు. గుణుపురం అన్నయ్యగారూ, తెలుగు ప్యాక్ మొత్తం తీసుకోకుండా తగ్గించుకునే దారి ఉందా? మాకు వచ్చే చానెళ్ళలో సగం అసలు పెట్టనే పెట్టం, పిల్లల కార్టూన్లు కూడా ఫోన్లోకే వెళ్ళిపోయాయి.

గుణుపురం_కేబుల్

ఉందమ్మా. మీ కేబులతను ప్యాకే తీసుకోవాలి అంటాడు, వినకండి. ప్యాకు వద్దు, చానెళ్ళు విడివిడిగా కావాలి అని గట్టిగా అడగండి, ఇవ్వాలి. ముందు ఒక వారం మీ ఇంట్లో నిజంగా ఏ చానెల్ ఎవరు పెడతన్నారో చూసుకోండి. చాలా ఇళ్ళలో సినిమా చానెళ్ళు రెండు, సీరియళ్ళది ఒకటి, అంతకుమించి తేలదు. ఒక్కోసారి విడిగా మూడు నాలుగు తీసుకునీసరికి ఆ కంపెనీ ప్యాకుతో సమానం అయిపోద్ది, అలాంటప్పుడు ప్యాకే నయం. అందుకని రెండు లెక్కలూ కాయితం మీద రాయించుకుని చూడండి. హెచ్‌డీ వద్దు, పాత సినిమాకి హెచ్‌డీ అయినా మామూలుదైనా ఒకటే, ధర మాత్రం తేడా. ఒడియావి మీకు కావలసినవి ఉంచుకోండి, మావుసిలొస్తారు కదా ఇంటికి.

రాయగడ_కోడలు

సరేనండి, రేపే అడుగుతాం. సినిమాలవి రెండు ఉంచుదాం అని తేలింది. మా మావయ్యగారు లోపల్నుంచి ఈటీవీ కూడా ఉంచమంటున్నారు, పాడుతా తీయగా కోసం. అంటే మూడు.